రాజవ్వ పొద్దటి పొట్లం

పొద్దున షట్టర్ ఎత్తగానే తడిపిన తునికాకు వాసన షాపులోకి వస్తుంది. బోధన్‌లో బీడీలు చుట్టే ఇళ్ళున్న వీధులన్నిటికీ ఈ వాసన ఉంటుంది. ముందురోజే ఆకు తడిపి గోనెసంచిలో చుట్టి పెడతారు, తెల్లారి విప్పుతారు. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా పీలుస్తున్న వాసనే. అయినా ఈ మధ్య అది ముక్కుకు తగిలినప్పుడల్లా నా చేతిలో పని ఆగిపోతోంది. రాజవ్వ గుర్తుకు వస్తుంది. ఆమె వెనకే నేను చెప్పకుండా దాచిన మాట వస్తుంది. చాయ్‌లోనో కూరలోనో ఏదో కలిపి తినిపించి మనిషిని పాడుచేయడాన్ని మా వైపు మందు పెట్టడం అంటారు. రాజవ్వ కోడలు పద్మ అత్తకు మందు పెట్టిందని ఊరంతా నమ్మింది. పెట్టలేదని నాకు తెలుసు. తెలిసి ఎనిమిదేళ్ళు ఊరుకున్నాను. ఆ మాట సరిచేయడానికే ఇది రాస్తున్నాను. రాజవ్వను ఎరగనివాళ్ళకు ముందు ఆమె ఎవరో చెప్పాలి.

నాది రుద్రూర్ దగ్గర చెరకు పండించే కుటుంబం. ఫార్మసీ డిప్లొమా చదివి, బోధన్‌లో ఒక మెడికల్ షాపులో పనికి కుదిరి, రాజవ్వ ఇంటి ముందు గదిలో కిరాయికి దిగాను. ఆమె భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడట, నేను వచ్చేనాటికే పోయాడు. ఒక్కడే కొడుకు శ్రీను. బీడీలు చుట్టి వాడిని పెంచింది. అరుగు మీద కాళ్ళు చాపుకుని ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చునేది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం అంతా చేతులే చూసుకునేవి. ఆమె కళ్ళు వీధిలో ఉండేవి. పోయే ప్రతి మనిషినీ పలకరించేది, సగం మందిని తిట్టేది. చెల్లెలు గంగ ఉన్నన్నాళ్ళు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చుట్టేవారు. రెండు కత్తెరలు ఒకే తాళంలో నడిచేవి. గంగ పోయాక ఆమె ఒక్కతే అయింది.

నేను దిగిన మొదటి నెలలో ఆమెకు జ్వరం వచ్చింది. మాత్రలు తెచ్చి, ఏది ఎప్పుడు వేసుకోవాలో అందంగా చీటీ మీద రాసిచ్చాను. ఆమె చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది రా గిది? చీమలు పారినట్టున్నది."

"ఏ గోలి ఎప్పుడు ఏస్కోవాల్నో రాసిన అవ్వా."

"రాస్తివి, బాగనే ఉన్నది. సదివెటోన్ని గూడ నువ్వే తోల్కరా మరి."

ఆమె పాత పేపరు ముక్క తీసుకుని, మాత్రలు అందులో పెట్టి, బీడీ మూతి మడిచినట్టు రెండు మడతలు మడిచింది. ఒక పొట్లానికి బీడీ దారం చుట్టింది, ఇంకోదాన్ని వట్టిగా వదిలేసింది. "దారం లేంది పొద్దటిది. దారమున్నది మాపటిది. కండ్లు కనవడనోడు గూడ తడిమి ఏస్కుంటడు. నీ గిరాకిల సదువొచ్చినోల్లు ఎంతమంది రా?" అంది. నాకు రెండేళ్ళ కాలేజీ నేర్పనిది ఆ చదువురాని వేళ్ళు నేర్పాయి. తర్వాత ఆ గది ఖాళీ చేసి అదే వీధిలో సొంత షాపు పెట్టినప్పుడు ఆ పొట్లాలే నన్ను నిలబెట్టాయి. వర్ని నుంచి, చందూర్ నుంచి కూడా పొట్లాల మెడికల్ ఎక్కడని అడుగుతూ వచ్చేవారు. చదువురానివాళ్ళు ఒక నెల మందులు సంచిలో వేసుకుని, తలకాయ నొప్పి లేకుండా పోయేవారు. నాకు దాంతో గర్వం కూడా వచ్చింది. పొట్లం కట్టాక ఇక అందులో తప్పుండదన్న నమ్మకం.

అరవై దాటాక రాజవ్వకు అలసట మొదలైంది. ఒళ్ళు బరువెక్కింది, జుట్టు ఊడసాగింది. బోధన్‌లో డాక్టరు రక్తపరీక్ష చేయించి థైరాయిడ్ సరిగ్గా పనిచేయడం లేదన్నాడు, రోజుకొక మాత్ర రాశాడు. మోకాళ్ళకు కాల్షియం, రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్ర కూడా రాశాడు. చీటీ తెచ్చి నాకే ఇచ్చింది. చిన్న తెల్ల మాత్ర, పెద్ద కాల్షియం, ఎర్రటి క్యాప్సూల్, మూడూ కలిపి పొద్దటి పొట్లం కట్టాను. రోజుకొక్కసారే కదా, మరిచిపోదు అనుకున్నాను. ఒంటికి బలమని సోయా పొడి డబ్బా కూడా ఇచ్చాను, పొద్దున పాలలో కలుపుకొమ్మని. తిండి గురించి కూడా పెద్ద డాక్టరులా చెప్పాను.

"గోబి ముట్టుకోవద్దు అవ్వా. థైరాయిడ్‌కు పడది."

"పెండ్లిల్ల తప్ప నాకు గోబి ఎవడు వండి పెట్టిండు రా? లేనిదాన్నే మానెయ్యమంటవు. నీ వైద్యం అల్కగనే ఉన్నది."

పక్కన నిలబడిన పద్మ నవ్వింది. పద్మది చందూర్. శ్రీనుతో పెళ్ళయి ఆరేడేళ్ళు, అప్పటికి నాలుగేళ్ళ కూతురు. మాట తక్కువ మనిషి. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం మొదటి చాయ్‌తో పాటు అత్త చేతిలో ఆ పొట్లం పెట్టడం ఆమె పని అయింది. ఏ మాత్రయినా చాయ్‌తో మింగడం మా దగ్గర అలవాటు. వట్టి నీళ్ళతో మింగమని నేను చెప్పలేదు. థైరాయిడ్ మాత్ర దగ్గర కాల్షియం, ఇనుము ఉండకూడదని చదువుకున్నవాడినే. పరీక్షలో రాసి కూడా ఉంటాను. చేతులు అలవాటుగా కట్టేస్తున్నప్పుడు చదివింది ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ముందు చలి వచ్చింది. ఎండలు ముదిరినా ఆమె స్వెట్టర్ విప్పలేదు. తర్వాత చేతులు నెమ్మదించాయి. కత్తెర ఆకు మీద పెట్టి, కత్తిరించకుండా, ఎంతోసేపు అలా పట్టుకుని ఉండేది. గొంతు మారింది. డాక్టరు రెండుసార్లు మాత్ర మోతాదు పెంచాడు. నేను కొత్త మాత్రను అదే పొట్లంలో పెట్టాను. ఏడాది దాటేసరికి అరుగు మీద ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ చాటలు తీసుకుని అవతలి అరుగుకు జరిగారు. ఆమె చూపు తమ మీద పడినా తమను చూస్తున్నట్టు ఉండదని చెప్పుకున్నారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం నెల పొట్లాలు ఇవ్వడానికి నేనే వెళ్ళాను. వీధిలో మనిషి లేడు. శ్రీను, పద్మ ఏదో పని మీద బయటికి పోయారు. వెనక గదిలో రాజవ్వ ఉన్ని శాలువా కప్పుకుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. రేకుల కప్పు కింద నాకు చెమటలు కారుతున్నాయి. ఆమె చెయ్యి తాకితే కుండ అడుగులా చల్లగా ఉంది. ముఖం ఉబ్బి, కనుబొమ్మల చివరలు రాలిపోయి, ఇంకెవరో ఆమె ముఖం తొడుక్కుని కూర్చున్నట్టు ఉంది.

"ఎవలు?" అంది. అది మగ గొంతు. నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది.

"సుధాకర్‌ను అవ్వా."

నేను పొట్లాలు గూట్లో పెట్టాను. చెంబులో నీళ్ళు ముంచుకుని తాగాను. వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు జవాబు వచ్చింది.

"సుధాకర్ పొయ్యి శాన దినాలాయె గద."

ఆమె పక్కన నేల మీద రెండో చాట ఉంది. అందులో ఆకులు, తంబాకు, కత్తెర సర్ది ఉన్నాయి. ఎవరికోసం అని అడిగాను. "గంగ వస్తది. బీడీలు ఎనకవడ్డయ్ గద," అంది. గంగ పోయి అప్పటికి పదేళ్ళు. అంతలో గోడ అవతల నుంచి ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపించింది. తాళం తప్పకుండా, తీరికగా. పక్కింటివాళ్ళు చుడుతున్నారని నాకు నేను చెప్పుకున్నాను. బయటికి వచ్చాక చూస్తే పక్కింటికి తాళం వేసి ఉంది. వాళ్ళు నెల కింద నాందేడ్ పోయారని తర్వాత తెలిసింది. ఆ చప్పుడు ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. విన్నానని మాత్రం చెప్పగలను.

లేవబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. గూట్లోని పొట్లాల వైపు చూపించింది.

"అవి ఇప్పకురా. అండ్ల ఒకల్లనొకలు తింటున్నరు."

"గోలీలు తినుకుంటయా అవ్వా?" నవ్వడానికి ప్రయత్నించాను.

"నవ్వకు. కట్టినోనివి నువ్వే."

అప్పటికే వీధి ఒక నిర్ణయానికి వచ్చింది. పొద్దున పద్మ ఇచ్చే చాయ్ తాగాకే ముసలమ్మ మత్తులో పడుతోందని ఎవరో అన్నారు. ఇంకెవరో పద్మ వంటింట్లో ఏదో వేరు ముక్క చూశామన్నారు. శ్రీను మొదట ఆ మాటలన్నవాళ్ళ మీద కోపం చేశాడు, ఆ తర్వాత చాయ్ తనే పెట్టడం మొదలుపెట్టాడు. పొట్లం మాత్రం మారలేదు. అది సుధాకరన్న కట్టింది, అందులో ఏముంటుంది? వర్ని అవతల ఒక ఊళ్ళో కడుపులో మందు కక్కించే ముసలాయన ఉన్నాడని తెలిసి తల్లిని తీసుకుపోయాడు. తోడుగా నన్నూ రమ్మన్నాడు. పద్మ కూతురిని ఎత్తుకుని ఆటోలో ఒక మూల కూర్చుంది.

ఆ ముసలాయన ఇంటి వాకిట్లో పది మంది ఉన్నారు. ఆయన ఏదో పసరు తాగించి రాజవ్వ వీపు మీద చరిచాడు. ఆమె వాంతి చేసుకుంది. పుల్లతో కెలికి, నల్లటి ముద్ద ఒకటి పైకెత్తి అందరికీ చూపించాడు. వాకిలంతా హమ్మో అంది. "ఇంటి మనిషే. రోజూ అన్నం పెట్టే చేతితోనే పెట్టింది," అన్నాడు. అందరూ పద్మ వైపు తిరిగారు. నాకు ఆ నలుపు తెలుసు. ఇనుము మాత్ర మింగిన కడుపులోంచి వచ్చేది అలాగే నల్లగా ఉంటుంది. ముద్ద అంచున కరగని ఎర్ర క్యాప్సూల్ పెంకు కూడా కనిపించింది. ఒక్క మాట అంటే సరిపోయేది. అంతమందిలో నవ్వులపాలు అవుతానని అనలేదు.

"అత్తా, నువ్వన్న చెప్పు. నేను పెట్టిన్నా?" పద్మ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

రాజవ్వ చాలాసేపు ఆమెను చూసింది. "నువ్వెవలు బిడ్డా?" అంది.

ఆ సాయంత్రమే పద్మను చందూర్‌లో వాళ్ళన్న ఇంట్లో దింపి వచ్చారు.

పది రోజులకు రాజవ్వ లేపినా లేవలేని స్థితికి వచ్చింది. నేనే పట్టుబట్టి శ్రీనుతో కలిసి నిజామాబాద్ తీసుకుపోయాను. అక్కడ డాక్టరమ్మ నాడి చూసి, మోకాలి మీద తట్టి చూసి, రిపోర్టులన్నీ తిరగేసి, ఇంత మోతాదు వేస్తుంటే ఇలా ఎందుకుందని తనలో తనే అనుకుంది. శ్రీను మందులు కొనడానికి కిందికి పోయాడు. గదిలో డాక్టరమ్మ, నేను, మంచం మీద రాజవ్వ మిగిలాం.

"ఈ గోలీలు ఎట్ల వేస్తున్నరు?"

నేను కొంచెం గర్వంగానే పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. ఆమె విప్పి మూడు మాత్రలనూ వేలితో దూరం దూరంగా జరిపింది.

"ఇట్ల ఎవరు కట్టిండ్రు?"

"మెడికల్ షాపోల్లు మేడం," అన్నాను.

"వాళ్ళకు చెప్పండి. కాల్షియం, ఇనుము రెండూ ఈ థైరాయిడ్ గోలీని కడుపులోనే పట్టేసుకుంటయి. ఒంటికి అందనియ్యవు. మీద చాయ్ ఒకటి, సోయా పొడి ఒకటి. పైగా డబ్బాలోంచి తీసి నెల రోజులు కాగితంలో పెడితే తేమకు గోలీయే పాడవుతది. పొద్దున లేవంగనే ఇదొక్కటే, నీళ్ళతోని. గంట దాకా చాయ్ వద్దు. మిగిలినయి మధ్యాహ్నం అన్నం తిన్నంక. ఏడెనిమిది వారాలకు మళ్ళ పరీక్ష."

"గోబి?"

"వండుకుని మామూలుగా తింటే ఏంగాదు. గోబి కాదు ఈమెను ఇట్ల చేసింది."

రాజవ్వ వైపు చూశాను. ఉబ్బిన రెప్పల మధ్య నుంచి ఆమె నన్నే చూస్తోంది. విన్నదో లేదో తెలియదు. ఒకళ్ళనొకళ్ళు తింటున్నారని మే నెలలో ఆమె చెప్పినప్పుడు నేను పిచ్చి అనుకున్నాను. ఆ గదిలో ఉన్నవాళ్ళలో ముందుగా తెలుసుకున్నది ఆమే. శ్రీను పైకి వచ్చి ఏమన్నారని అడిగితే "మందులు మార్చిండ్రు," అన్నాను. అంతకు మించి ఒక్క అక్షరం చెప్పలేదు. పొట్లాల షాపులో పొట్లమే మనిషిని ముంచిందని తెలిస్తే ఎవరు వస్తారన్నది నా భయం. నా భయం అంతే. అంత చిన్నదే.

కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉంచి పంపారు. ఇంటికి వచ్చాక థైరాయిడ్ మాత్ర డబ్బాతోనే ఇచ్చాను, మిగిలినవి మధ్యాహ్నం పొట్లం చేశాను. రెండు మూడు నెలల్లో రాజవ్వ వెనక్కి వచ్చింది. శాలువా పోయింది, గొంతు సన్నబడింది, ముఖం దిగింది. రెండో చాటను తనే కడిగి అటక ఎక్కించింది. ఒకరోజు అరుగు మీది నుంచి ఎవరినో గట్టిగా తిడుతుంటే వీధంతా నవ్వింది. అప్పుడే నా నేరం రెండింతలైంది. పద్మ పోయింది, ముసలమ్మ బాగైంది. ఇంకేం సాక్ష్యం కావాలి? మందు కక్కించిన ముసలాయన పేరు మా వీధిలో మారుమోగింది. పద్మ రాకకు ఉన్న చివరి తలుపు కూడా మూసుకుపోయింది.

ఒక మధ్యాహ్నం రాజవ్వ షాపుకు వచ్చింది. స్టూలు మీద కూర్చుని డబ్బాను నా ముందు పెట్టింది.

"ముందుగాల ఒక్క పొట్లముండె. గీ డబ్బ ఎందుకొచ్చింది రా?"

"డాక్టర్ మార్చింది అవ్వా."

"ఊఁ." డబ్బాను అటూ ఇటూ తిప్పింది. "సుధాకరా, నువ్వు సదువుకున్నోనివి. పద్మ చేసిందంటవా? దాని చెయ్యి అసువంటిది గాదు అనిపిస్తది నాకు. ఎవ్వలు ఇనరు. నువ్వు చెప్తె శ్రీనుగాడు ఇంటడు."

"నాకేం ఎర్క అవ్వా," అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు ఆస్పత్రి గదిలోని చూపే. ఇప్పుడు రెప్పల వాపు లేదు, అంతే తేడా. డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. నాతో మాట్లాడింది, పండక్కి భక్ష్యాలు పంపింది. కానీ నన్ను తిట్టడం మానేసింది. ఆమె ఎవరినైతే తన మనిషి అనుకునేదో వాళ్ళనే తిట్టేది. రెండేళ్ళ కింద గుండె ఆగి, నిద్రలోనే పోయింది. మోయడానికి నేనూ భుజం ఇచ్చాను. చందూర్ నుంచి పద్మ వచ్చింది. గడప లోపలికి రానివ్వలేదు. వీధి చివర నిలబడి చూసి పోయింది. ఆమెను దాటుకునే మేము పోయాము.

కిందటి నెల పద్మ నా షాపుకు వచ్చింది. నలభైకి దగ్గర పడింది, మనిషి చిక్కింది. చీటీ ఇచ్చింది. థైరాయిడ్ మాత్ర, దానితో పాటు కాల్షియం. బోధన్‌లో ఇన్ని షాపులుండగా నా దగ్గరికే ఎందుకు వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. గిరాకీలతో మాట్లాడే గొంతుతో అంతా చెప్పాను. పొద్దున పరగడుపున, నీళ్ళతో ఒక్కటే. గంట దాకా చాయ్ వద్దు. కాల్షియం మధ్యాహ్నం. మాత్రను డబ్బాలోంచి తీసి పెట్టొద్దు. బాగున్నట్టు అనిపించినా మానెయ్యొద్దు. ఆమె ఒక్కొక్కదానికి తల ఊపుతూ విన్నది. కవరు తీసుకుంది. అప్పుడు అడిగింది.

"మా అత్తకు గూడ గిట్లనె చెప్పినవా అన్నా?"

గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నేను కౌంటర్ మీది గాజు తుడవడం మొదలుపెట్టాను. తుడిచి తలెత్తేసరికి ఆమె లేదు.

వారం రోజులు నా చేతులు పొట్లం మడవలేదు. ఎనిమిదో రోజు శ్రీనును పిలిచి చందూర్ పోదాం అన్నాను. వర్ని దాటాక కాలువ గట్టు మీద బండి ఆపించి మొత్తం చెప్పాను. వాడు నన్ను కొడతాడనుకున్నాను. గట్టు మీద కొంతదూరం నడిచి, అక్కడ నిలబడి, తిరిగి వచ్చాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా అవ్వ అడిగిననాడు చెప్పకపోతివి గదనే," అన్నాడు. తర్వాత బండి స్టార్ట్ చేశాడు. "ఎక్కు. ఆమె ముంగట చెప్పు."

పద్మ వాళ్ళన్న ఇంటి వాకిట్లో సోయా గింజలు చెరుగుతోంది. శ్రీనును చూసి చాట కింద పెట్టింది, లేవలేదు. నేను ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుని తల వంచుకుని చెప్పాను. మూడు మాత్రల సంగతి, నల్ల ముద్ద సంగతి, డాక్టరమ్మ అన్నది, నేను అబద్ధమాడింది. ఆమె చివరిదాకా విన్నది.

"గింత మెల్లగ చెప్తె ఎవలకు ఇనస్తది అన్నా?" అంది. "నా పేరు గల్లి గల్లి తిర్గింది. గీ మాట నా ఒక్కదాని చెవుల వడితె సాలదు."

లేచింది. లోపలి నుంచి పదమూడేళ్ళ కూతురిని చెయ్యి పట్టుకుని తెచ్చింది. అన్నను పిలిచింది. వీధిలోకి పోయి ఒక్కొక్క ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి ఆడవాళ్ళను పిలిచింది. ఏమిటో అనుకుంటూ పది పన్నెండు మంది వాకిట్లోకి వచ్చారు. కూతురిని అందరికంటే ముందు నిలబెట్టి, తను గుమ్మానికి ఆనుకుంది.

"ఇప్పుడు చెప్పు," అంది.

నేను లేచి నిలబడ్డాను. గొంతు పెంచి చెప్పాను.

"నేను బోధన్ల మెడికల్ షాపు సుధాకర్‌ను. రాజవ్వకు పద్మ ఏం పెట్టలే. కలపగూడని గోలీలు కలిపి పొట్లం కట్టింది నేను. గా పొట్లంతోనే రాజవ్వ గట్లయింది. డాక్టరమ్మ చెప్పంగనే నాకు ఎర్కైంది. ఎర్కైనంక గూడ ఎనిమిదేండ్లు నోరు ఇప్పలే. పద్మా, తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."